నాలుగే పదాలు, రెండున్నర గంటలు: క్షేత్రయ్య మీద ఒక సోదాహరణ ప్రసంగం

పదం అంటే నాయిక మనసును నిదానంగా విప్పి చెప్పే శృంగార గీతం. హైదరాబాద్ సభల్లో క్షేత్రయ్య పదం వినపడుతూనే ఉంటుంది. కచేరీ చివర పాడే చిన్న పాటల్లో (తుకడాల్లో) ఒకటి, కూచిపూడి కార్యక్రమం నడుమ ఒకటి. ఏడెనిమిది నిమిషాల్లో ముగించి తిల్లానాకు వెళ్లిపోతారు. మెహదీపట్నం వైపు ఒక చిన్న హాల్లో జరుగుతున్న ఈ సోదాహరణ ప్రసంగంలో, అంటే పాడి, అభినయించి చూపిస్తూ వివరించే ప్రసంగంలో, ఆ తొందర లేదు. ఒక గాయని, వీణ, మృదంగం, ఒక నర్తకి, మాట్లాడటానికి ఒక సాహిత్య పరిశోధకుడు. టికెట్ 300 రూపాయలు. పదం లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలనుకునేవాళ్లు తప్పక వెళ్లాలి. లోపాలు కూడా ఉన్నాయి, వాటి దగ్గరికి వస్తాను.

మొదట మేరువ పదం, "వేడుకతో నడచుకొన్న". క్షేత్రయ్య తన సంగతి తానే చెప్పుకున్న పదం కాబట్టి ఆయన జీవితానికి ఇంతకంటే దగ్గరి ఆధారం మనకు లేదు. మధుర తిరుమల నాయకుడు, తంజావూరు విజయరాఘవ నాయకుడు, గోల్కొండ పాదుషా ముగ్గురూ ఇందులో వస్తారు. ఒక్క గోల్కొండలోనే 1,500 పదాలు చెప్పానంటాడు. వక్త బోర్డు మీద మూడు గీతలు గీశారు. తిరుమల నాయకుడి ఏలుబడి 1623 నుంచి 1659 దాకా. పాదుషాగా భావించే అబ్దుల్లా కుతుబ్‌షాది 1626 నుంచి 1672 దాకా. విజయరాఘవుడిది 1673తో ముగిసింది. మూడు గీతలూ కలిసి నడిచిన చోటే, అంటే 17వ శతాబ్దం నడిమిలో, క్షేత్రయ్య కాలం ఉంటుంది. అసలు పేరు వరదయ్య అనీ, కూచిపూడికి దగ్గర్లోని మొవ్వ ఆయన ఊరనీ చెప్పేటప్పుడు మాత్రం అది జనంలో ఉన్న మాట అని విడిగా చెప్పారు. పదంలో ఉన్నదేదో, పరంపరగా వచ్చినదేదో కలిపేయకుండా మాట్లాడేవాళ్లు మన సభల్లో తక్కువ. ఇది మనసారా మెచ్చుకోవాల్సిన సంగతి.

అసలు బలం మాత్రం రెండో భాగానిది. హుసేని రాగంలోని "అలిగితే భాగ్యమాయె" పదాన్ని మూడుసార్లు వినిపిస్తారు. మొదటిసారి గొంతు, వీణ మాత్రమే. రెండోసారి మృదంగం చేరుతుంది. మూడోసారి అభినయం. త్రిపుట తాళానికి 3, 2, 2గా ఏడు అక్షరాలు, అంటే ఏడు లెక్కలు. ఈ గాయని పాడే విలంబ కాలంలో, అంటే నిదానపు నడకలో, ఒక్కో అక్షరం సెకను దాటి సాగుతుంది. పదాలు పాడేవాళ్లు సాధారణంగా దెబ్బతినేది ఇక్కడే. అభినయం కోసం ఒకే పాదాన్ని నాలుగైదుసార్లు తిప్పి పాడాలి. మాటకూ మాటకూ మధ్య ఉన్న ఖాళీని మృదంగం నింపేస్తే గొంతు తనకు తెలియకుండానే ముందుకు జరుగుతుంది, మూడో ఆవృతికల్లా కాలం పరుగెత్తుతుంది. అప్పుడు నర్తకి భావాన్ని మింగేసి చేతులు మార్చడం ఒక్కటే చేయగలదు. ఈ మృదంగ విద్వాంసుడు పాదం చివరి రెండు అక్షరాల మీద తప్ప చేతికి పని చెప్పలేదు. గాయని కూడా ఊపిరి కోసం మాటను విరవలేదు. "భాగ్యమాయె" అనే మాట ముక్కలు కాకుండా నిలవడం అరుదుగా వింటాం.

అభినయం కూర్చునే చేస్తారు. ఇది కలావంతుల, అంటే ఆటపాటలే వంశవృత్తిగా ఉన్న స్త్రీల, పద్ధతి. చిన్న పీట మీద ఒక మోకాలు ఎత్తి కూర్చున్నాక పాదాలకు పని లేదు, ఉన్నదంతా కళ్లు, కనుబొమ్మలు, భుజం ఎత్తు దాటని చేతులు. "అలిగితే" అన్న పాదం మొదటి ఆవృతిలో నర్తకి చెలికత్తె వైపు తిరిగి నవ్వేసింది. రెండో దాంట్లో గాజులు సర్దుకుంది. నాలుగో ఆవృతిలో జడలో పువ్వు సరిచేయబోయిన చెయ్యి సగంలో ఆగిపోయింది, చూపు గుమ్మం మీదికి పోయింది. అతను అలిగితే నాకేం అంటున్న మనిషి అతని రాక కోసం చూస్తోందన్న సంగతి సాహిత్యంలో ఒక్క అక్షరం మార్చకుండానే బయటపడింది. రవీంద్రభారతి అంత పెద్ద వేదిక అయితే వెనక వరసకు ఆ చూపు అందదు.

నాదనామక్రియ రాగంలోని "పయ్యెద" పదం దగ్గర ఇంకో మంచి ప్రయోగం చేశారు. ఈ రాగం పైన నిషాదం (ని) దాటి తారషడ్జానికి (పై స) పోదు. గాయని ముందు పద్ధతిగా పాడి, తర్వాత కావాలనే ఒకసారి పై షడ్జాన్ని తాకి చూపించింది. అంతసేపూ లోపలే అదిమిపెట్టుకున్న విరహం ఒక్కసారిగా బయటపడి మామూలు ఏడుపైపోయింది. సంగీతం రానివాళ్లకు కూడా తేడా తెలిసింది. స్వరస్థానాల పట్టిక చూపించి ఈ మాట చెప్పి ఉంటే ఎవరికీ పట్టేది కాదు.

చర్చకు ఇరవై నిమిషాలే ఇచ్చారు, చాలలేదు. ఆలయాలకు దేవదాసీల అంకితాన్ని నిషేధిస్తూ 1947లో మద్రాసులో వచ్చిన చట్టం, పదాలను బతికించిన కలావంతుల మీద పడ్డ మచ్చ, చెన్నైలో వీణ విద్వాంసురాలు ధనమ్మాళ్ ఇంటి గానంలో, ఆమె మనవరాళ్లు బృంద, ముక్త గొంతుల్లో పదాలు నిలవడం, ఇక్కడ నాట్యగురువు నటరాజ రామకృష్ణ కలావంతుల దగ్గరికి వెళ్లి వాళ్ల నాట్యమైన ఆంధ్రనాట్యాన్ని తిరిగి నిలబెట్టడం, అన్నీ వచ్చాయి గానీ ఒక్కోదానికి రెండు నిమిషాలే దక్కాయి. శృంగారం ఎక్కువగా ఉన్న చరణాలను వదిలేసి పిల్లలకు నేర్పవచ్చా అని ఒక డాన్సు టీచర్ అడిగారు. వదిలేస్తే నాయిక మనసు మారిపోతుంది, ఆ పదాన్ని వయసు వచ్చాక నేర్పండి, అప్పటిదాకా వేరే పదం ఎంచుకోండి అన్నారు వక్త. నూటికి నూరుపాళ్లు సరైన జవాబు.

ఆ జవాబు చెప్పిన కార్యక్రమమే చివరి పదానికి అన్యాయం చేసింది. కాంభోజి రాగంలో "వదరక పో పోవే" ఒక్క చరణంతో ఆపేశారు. మధ్యవర్తిగా వచ్చిన చెలికత్తెను కసిరే పదం ఇది, ఆ కోపం వెనక ఏముందో చరణాలు దాటితేగాని తెలియదు. కనీసం పావుగంట కావాలి. ముందుమాటల్లో పదిహేను నిమిషాలు, సన్మానంలో పది పోయాయి, అవి తగ్గిస్తే సమయం అదే వస్తుంది.

మైకుల సంగతి. మొదటి అరగంట మృదంగం మైకు గొంతును మింగేసింది. ఇంత చిన్న హాల్లో మృదంగానికి మైకే అక్కర్లేదు, గాయనికి ఒకటి, వీణకు ఒకటి చాలు. తెర మీద సాహిత్యం వేయడానికి లైట్లు తగ్గించడం ఇంకా పెద్ద పొరపాటు, నర్తకి కళ్లు చీకట్లో పడ్డాయి. సాహిత్యం మొత్తం తలుపు దగ్గర 20 రూపాయలకు అమ్మే పుస్తకంలో పెద్ద అక్షరాల్లో ఉంది. తెర తీసేసి ఆ పుస్తకాన్ని టికెట్‌తో పాటే ఇస్తే సరిపోతుంది.

వెళ్లేవాళ్లు మొదటి నాలుగు వరసల్లో, వేదికకు ఎడమ పక్కన కూర్చోండి. పీట అటు తిరిగి ఉంటుంది. పుస్తకం కొని, మొదలయ్యే లోపు "అలిగితే", "వదరక" రెండూ ఒకసారి చదువుకోండి. రెండోదాని మిగతా చరణాలు వేదిక మీద వినపడవు కాబట్టి ఇంటికి వెళ్లాక అవి కూడా చదవండి.