కుప్పమా, పులివెందులా? ఒక్క నియోజకవర్గం కథే చదవాలంటే ఏది ఎంచుకోవాలి?

కంచుకోట అనగానే ఆంధ్రప్రదేశ్‌లో ముందుగా గుర్తొచ్చేవి ఈ రెండు అసెంబ్లీ నియోజకవర్గాలే. రెండింటి కథా ఒకటే అనుకుంటే పొరపాటు.

పులివెందులది ఇంటిపేరు కథ. 1978లో రాజశేఖరరెడ్డి ఇక్కడి నుంచే తొలిసారి గెలిచారు. 1989లో ఆయన కడప లోక్‌సభకు వెళ్తే సీటు తమ్ముడు వివేకానందరెడ్డికి వచ్చింది. 2009లో రాజశేఖరరెడ్డి పోయాక విజయమ్మ, 2014 నుంచి జగన్. అసలు ఘట్టం 2011 ఉప ఎన్నిక: కాంగ్రెస్ తరఫున వివేకా, కొత్త పార్టీ వైఎస్సార్‌సీపీ తరఫున విజయమ్మ. వదినా మరుదుల పోటీలో జనం వదినకే ఓటేశారు. పార్టీ గుర్తు మారినా ఇల్లు మారలేదన్నమాట.

కుప్పంలో ఇల్లు కాదు, పార్టీ ముందు. చంద్రబాబు రాకముందే, 1983, 1985లలో తెలుగుదేశమే గెలిచింది. ఆయన సొంత ప్రాంతం చంద్రగిరి. అక్కడ 1983లో కాంగ్రెస్ అభ్యర్థిగా ఓడి, 1989లో ఈ మూలకు వచ్చారు. అటు కర్ణాటక, ఇటు తమిళనాడు. బజారులో మూడు భాషలూ వినబడే ఊరు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఇక్కడ పెట్టడం సబబే. 1989 నుంచి 2024 దాకా చంద్రబాబుకు ఇక్కడ ఎనిమిది గెలుపులు.

2019లో జగన్ మెజారిటీ 90 వేలు దాటితే, చంద్రబాబుది 30 వేల పైచిలుకు. 2021లో కుప్పం మున్సిపాలిటీ కూడా వైఎస్సార్‌సీపీకి పోయింది.

చదవడానికైతే నా ఓటు కుప్పానికే. బయటి నుంచి వచ్చిన మనిషి ముప్పై ఐదేళ్లు నిలదొక్కుకోవడం వారసత్వం కన్నా కష్టమైన పని.