ప్యాచ్‌లా, మెడల్సా, కాగితాలా: గంజాంలో యుద్ధ గుర్తులు దాచేవాళ్లకు ఏది మేలు?

బరంపురంలో మాకు తెలిసినవాళ్ల ఇంట్లో దేవుడి గూట్లో ఒక వెండి మెడల్ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లొచ్చిన ముత్తాతది. పండగ వచ్చినప్పుడల్లా వెండి కుందులతో పాటు దాన్నీ విభూది పెట్టి తోమారు. నేను చేతిలోకి తీసుకునేసరికి అప్పటి బ్రిటిష్ రాజు ఐదో జార్జి ముఖం నున్నగా అరిగిపోయింది. కిటికీ దగ్గర వెలుతురుకు అటూ ఇటూ తిప్పితే అంచు మీద నంబరు, పేరులో మొదటి నాలుగు అక్షరాలు కనపడ్డాయి. మిగతాది విభూదితోనే పోయింది.

ఇలాంటి యుద్ధ గుర్తుల సేకరణ మొదలుపెట్టాలనుకునే కుర్రవాళ్లు నన్ను అడిగేది ఒకటే: ప్యాచ్‌లు కొనాలా, మెడల్స్ కొనాలా? ఆ రెండింటి కంటే ముందు చూడాల్సినది ఇంకొకటి ఉందని నేను చెబుతాను.

ప్యాచ్ అంటే చొక్కా భుజం మీద కుట్టుకునే గుడ్డ బ్యాడ్జి. అందంలో దీనికి సాటి లేదు. డివిజన్ అంటే వేల మంది సైనికుల దళం. రెండో ప్రపంచ యుద్ధంలో నాలుగో ఇండియన్ డివిజన్‌ది ఎర్ర గద్ద, ఐదో డివిజన్‌ది నల్ల గుడ్డ మీద ఎర్రటి గుండ్రం, పదిహేడో డివిజన్‌ది నల్ల పిల్లి. ఆ నల్ల పిల్లి వాళ్లే 1942లో జపాన్ సైన్యం తరుముతుంటే బర్మా నుంచి వెనక్కి నడిచొచ్చి, 1944లో ఇంఫాల్ దగ్గర నిలబడి పోరాడారు. బర్మాలో పోరాడిన పద్నాలుగో ఆర్మీ ప్యాచ్ మీద కత్తి మొన కిందికి ఉంటుంది. అమెరికా సైనికుల చైనా-బర్మా-ఇండియా ప్యాచ్‌లో చైనా సూర్యుడు, భారత నక్షత్రం పక్కపక్కనే ఉంటాయి. వీటిని మన దేశంలోనే జరీతో, తోలుతో కుట్టించుకున్నవాళ్లూ ఉన్నారు.

చిక్కేమిటంటే, ప్యాచ్ మీద మనిషి పేరు ఉండదు. నకిలీ చేయడమూ తేలిక. నేను ఆన్‌లైన్‌లో ఒక నల్ల పిల్లి ప్యాచ్‌ను అసలుదనుకుని కొని, పట్టు నేసే మా పక్కింటి పెద్దాయనకు చూపించాను. ఆయన ముందు వైపు చూడనే లేదు. తిరగేసి, దారం చివర గోటితో లాగి, "ఇది నూలు కాదు బాబూ, పాలిస్టర్" అన్నారు. ఆ రాత్రి అతినీలలోహిత టార్చి వేస్తే తెల్ల దారం నీలంగా మెరిసింది. పాత నూలు సాధారణంగా అలా మెరవదు. కానీ ఈమధ్య డిటర్జెంట్‌తో ఉతికితే అసలు గుడ్డ కూడా మెరుస్తుంది కాబట్టి టార్చిని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, వెనక కుట్టు చూడండి.

మెడల్ సంగతి వేరు. 1914-18 యుద్ధపు గుండ్రటి మెడల్స్ అంచు మీద సైనికుడి నంబరు, పేరు, దళం కొట్టి ఉంటాయి. స్వతంత్ర భారతం ఇచ్చిన 1965 రక్షా మెడల్, 1971 సంగ్రామ్ మెడల్ మీదా అంతే. రెండో ప్రపంచ యుద్ధానికి ఇచ్చిన 1939-45 స్టార్, బర్మా స్టార్ లాంటి మెడల్స్‌లో చాలావాటి మీద పేరుండదు. పేరున్న మెడల్ నాకు ఎంత ఇష్టమైనా దాన్ని ఇంటివాళ్ల దగ్గర కొనను. కష్టంలో ఉండి అమ్మినవాళ్ల మనవళ్లు తర్వాత దానికోసం వెతుక్కోవడం నేను చూశాను. పైగా నూరేళ్లు దాటిన వస్తువు 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. మామూలు మనిషి దాన్ని దేశం దాటించకూడదు, అలాంటివాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి.

ఇక కాగితాలు. సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే డిశ్చార్జి పుస్తకం, జీతం రాసే పే బుక్, పెన్షన్ కాగితం, ఉత్తరాలు. అలమరలో పెట్టుకుంటే ఎవరి కంటికీ ఆనవు. అయినా నా ఓటు వీటికే. ఊరు, తండ్రి పేరు, చేరిన తేదీ, పంపిన చోటు, అన్నీ వీటిలోనే దొరుకుతాయి. మన జిల్లా విషయంలో ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి: గంజాం 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసింది, అంతకుముందు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. కాబట్టి అప్పటి గంజాంలోని పర్లాకిమిడి మనిషి పాత కాగితంలో 'మద్రాస్' అని ఉంటే తికమక పడొద్దు. యుద్ధంలో చనిపోయినవాళ్లయితే నంబరు, పేరు పట్టుకుని యుద్ధ మృతుల సమాధులు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. బర్మాలో సమాధి తెలియని సుమారు 27,000 మంది పేర్లు అక్కడి రంగూన్ స్మారకం మీద చెక్కి ఉన్నాయి.

అందుకే నా వరస ఇది: ముందు కాగితాలు, అవీ కొనకుండా ఇంటివాళ్ల అనుమతితో ఫోటో తీసుకోవాలి. తర్వాత, ఆ కాగితంలో ఉన్న డివిజన్ ప్యాచ్ దొరికితే కొనుక్కోవాలి. అప్పుడు ఆ ప్యాచ్ ఫలానా తాతగారి భుజం మీద ఏ గుర్తు ఉండేదో చూపిస్తుంది. మెడల్ మాత్రం వాళ్ల ఇంట్లోనే ఉండాలి.

మన సముద్రపు గాలికి ఉన్ని ప్యాచ్‌కు బూజు, చిమ్మెట రెండూ పడతాయి. పీవీసీ ప్లాస్టిక్ కవర్లు వద్దు, ఆమ్లం లేని కాగితంలో చుట్టి, డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేయండి. మెడల్‌కు విభూది, చింతపండు, బ్రాసో ఏవీ తగలనివ్వకండి. దేవుడి గూట్లో మెడల్ ఉన్న ఆ ఇంటివాళ్లు ఇప్పుడు దాన్ని మెత్తటి నూలు గుడ్డలో చుట్టి పెట్టారు. పండగకి బయటికి తీసి పూలు పెడతారు, తోమరు.