జెనానా, ఆర్గానా, జెర్మేనియమా: కృష్ణపదార్థం వేటకు ఏది మేలు?

కృష్ణపదార్థం (డార్క్ మ్యాటర్) అంటే విశ్వంలో ఉందని గురుత్వాకర్షణ వల్ల తెలిసినా కంటికి కనబడని పదార్థం. దాని కణాలు తగిలితే పట్టుకోవడానికి జెనాన్, ఆర్గాన్, జెర్మేనియం లాంటివాటితో డిటెక్టర్లు కట్టి లోతైన గనుల్లో పెడతారు. డిటెక్టరుని గనిలో పెట్టేశాక ఇంకా కాస్మిక్ కిరణాల (అంతరిక్షం నుంచి వచ్చి పడే కణాల) గొడవేంటని చాలామంది అడుగుతారు. ఆ వెంటే, మరి ఏ పదార్థం మేలని. కిలోమీటరు పైగా రాయి నెత్తిన ఉంటే కిరణాల బెడద చాలావరకు తీరినట్టే. తంటా అంతా అంతకుముందు నేల మీద గడిపిన రోజులది. అప్పుడు ఆ కిరణాల వల్ల వచ్చే న్యూట్రాన్లు డిటెక్టరు పదార్థంలోని కేంద్రకాల్ని బద్దలుకొట్టి పుట్టించిన రేడియోధార్మిక ఐసోటోపులు డిటెక్టరుతోపాటే గనిలోకి దిగుతాయి. దిగాక అవి ఎన్నాళ్లుంటాయి, మనం తీసెయ్యగలమా? నేను చూసేది ఇదే.

అలా చూస్తే నా ఓటు జెనాన్‌కే. అలా పుట్టే జెనాన్-127 అర్ధజీవితకాలం (సగానికి తగ్గడానికి పట్టే సమయం) 36 రోజులు. ఏడాది ఓపిక పడితే వెయ్యో వంతుకి పడిపోతుంది. జెనాన్ వాడే ఎల్‌జెడ్ ప్రయోగం 2022లో ఇచ్చిన తొలి ఫలితాల్లో ఆర్గాన్-37 సరిగ్గా వెతికే శక్తుల దగ్గరే, 2.8 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద, అడ్డుపడింది. చిరాకే, కానీ దాని అర్ధజీవితకాలమూ 35 రోజులే. ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) లాంటివాటిని జెనాన్‌ని తిప్పుతూ వడకట్టేయొచ్చు. (జెనాన్‌కి అసలు తలనొప్పి రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు. అది కాస్మిక్ కిరణాల వల్ల వచ్చేది కాదు, వేరే కథ.)

ఇక ఆర్గాన్ సంగతి. అందులో ఉండే ఆర్గాన్-39కి ఆ ఓపిక చాలదు: అర్ధజీవితకాలం సుమారు 269 ఏళ్లు. గాలిలోంచి తీసిన ఆర్గాన్‌లో కిలోకి సెకనుకి ఒక విఘటనం. ఆర్గాన్ వాడే డార్క్‌సైడ్-20కె ప్రయోగం కోరుకునే 50 టన్నులకి లెక్కేస్తే సెకనుకి 50,000! అదీ ఆర్గానే కాబట్టి రసాయనాలతో విడదీయలేం. అందుకే అమెరికాలో కొలరాడోలోని కోర్టెజ్ దగ్గర బావుల్లో, యుగాలుగా కిరణాలు సోకని వాయువు నుంచి ఆర్గాన్ తీస్తున్నారు. దీన్ని అంతకుముందరి చిన్న డిటెక్టరు డార్క్‌సైడ్-50లో నింపి చూస్తే ఆర్గాన్-39 సుమారు 1,400 రెట్లు తక్కువని తేలింది. గాలిలో చవగ్గా దొరికేదానికి ఇంత ప్రయాస! ఆర్గాన్ పక్షాన ఒక మాట చెప్పాలి. డిటెక్టరులో కణం తగిలినప్పుడు వచ్చే కాంతి మెరుపు ఆకారం చూసి, ఆర్గాన్-39 లాంటివి ఎలక్ట్రాన్లని వదిలే బీటా విఘటనాల్ని ఏరివేయడంలో జెనాన్ దాని దరిదాపుల్లోకి రాదు.

జెర్మేనియంలో ట్రిటియం (12.3 ఏళ్లు), జెర్మేనియం-68 (271 రోజులు) స్ఫటికంలోనే ఇరుక్కుపోతాయి, కడగడం కుదరదు. ఆ స్ఫటికాన్ని విమానమెక్కిస్తే ఆ ఎత్తులో న్యూట్రాన్లు నేల మీదకంటే వందల రెట్లు, కాబట్టి ఓడలోనే పంపాలి. అయినా బాగా తేలికైన కణాల్ని వెతకాలంటే ఇదో, సిలికానో తప్పదు. సోడియం అయోడైడ్ అంటారా, ఆ స్ఫటికంతో కృష్ణపదార్థపు సంకేతం చూశామన్న డామా ప్రయోగం వాళ్ల మాటని సరిచూసేవాళ్లకి అదే స్ఫటికం కావాలి, మిగతావాళ్లకి అక్కర్లేదు.