మగ్గం నాటకమా, చెరువు నాటకమా: ముందు ఏది ఎత్తుకోవాలె?

ఈ చలికాలం హన్మకొండలో మా మిత్రులు ముగ్గురు మూడు కొత్త నాటకాలు రాసి నా చేతిలో పెట్టారు. నేనూ నాటకాలు రాసేవాణ్నే. ఒకే ఊరి నుంచి ఒకే యేడు మూడు మంచి రాతప్రతులు రావడం చూసి చాలా కాలమైంది, అందుకే ముందు కడుపు నిండింది. తర్వాత బుగులైంది. మా బృందంలో ఉన్నది పన్నెండు మంది, అందరికీ పగలు పనులున్నయి. ఒకసారికి ఒక్క నాటకం ఎత్తుకుంటే గొప్ప. మూడింటిలో ఏది మేలు అన్నది తేల్చక తప్పదు. పేర్లు రచయితలు ఇంకా ఖాయం చేయలేదు కాబట్టి మేం పిలుచుకుంటున్న పేర్లతోనే చెప్తాను.

ముందు పద్యనాటకం సంగతి చెప్పి పక్కన పెడతాను. పక్కన పెట్టడమంటే తక్కువ చేయడం కాదు. రాసిన సారు తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యారు. విషయం రుద్రమదేవి. ఆయన యుద్ధాల జోలికి పోకుండా చందుపట్ల శాసనం దగ్గర నాటకం మొదలుపెట్టారు. శివలోకానికి పోయిన రుద్రమకూ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే బంటు భూమి దానం చేసి 1289లో నిలబెట్టిన రాయి అది. రాణి ఎట్ల పోయిందో రాయి చెప్పదు. ఆ చెప్పని చోట సారు ముమ్మడి నోట పద్యాలు పెట్టారు. రాణి డేరా ముందు కావలి కాసిన రాత్రిని తలుచుకునే సీసపద్యం ఆయన చదువుతుంటే నాకు గొంతు పట్టేసింది. కానీ పద్యం పాడుతూ, మాట మింగకుండా, నటించగలిగినవాళ్లు మా దగ్గర ఒక్కరే. హార్మోనియం మనిషిని బయటి నుంచి తేవాలె. ఇది గాయకులున్న బృందం చేతికి పోవాల్సిన నాటకం. ఆ మాట సారుతోనే అన్నాను, ఆయనా ఒప్పుకున్నారు.

ఇక మిగిలినవి రెండు.

మగ్గం నాటకం గంట నిడివి, నాటక పరిషత్తు పోటీలకు పోయే నాటిక కొలత. వరంగల్‌లో నేతపని సాగే కొత్తవాడలో ఒక ఇల్లు. ముందుగదిలో గుంటమగ్గం. తండ్రి, కొడుకు, కోడలు, షత్రంజీలు (నేల మీద పరిచే జంపఖానాలు) కొనే సేటు, నాలుగే పాత్రలు. తండ్రి వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో చేసినవాడు. 1934లో మొదలై, వేలమందికి బువ్వ పెట్టి, చివరికి మూతబడ్డ ఆ మిల్లును అతను ఒక్కసారి కూడా మిల్లు అనడు, 'మా కంపెని' అంటాడు. కొడుకు గీసుగొండ దిక్కు టెక్స్‌టైల్ పార్కులో నౌకరీకి పోదామని చూస్తున్నాడు. 2017లో శంకుస్థాపన జరిగిన పార్కు అది. పోవాలంటే మగ్గం అమ్మి అప్పు తీర్చాలె. కథ ఇంతే.

ఇట్లాంటి కథ మనం విననిది కాదు. నేతన్నల కష్టం మీద నాటికలు చాలా చూశాం, చాలా వాటిలో తెర లేచిన పది నిమిషాలకే ఏడుపు మొదలైతది. ఈ నాటిక రాసిన అన్న అట్ల రాయలేదు. మగ్గాన్నే ఐదో పాత్ర చేశాడు. సేటు వచ్చే దృశ్యం చూడండి.

సేటు గడప పక్కన కుర్చీలో కూర్చుని, "పాత రేటుకే పది షత్రంజీలు రాసుకో కాకా" అంటాడు. తండ్రి జవాబియ్యడు. నూలు పోగును మోసే నాడె అటు పోతుంది, ఇటు వస్తుంది, పోగును బిగించే దెబ్బ పడుతుంది. సేటు చాయ తాగుతాడు. "గిరాకి యాడుంది, ప్లాస్టిక్ చాపలొచ్చినయి" అంటాడు. దెబ్బ కొంచెం గట్టిగ పడుతుంది. కోడలు వచ్చి ఖాళీ కప్పు తీసుకుంటూ మామ దిక్కు ఒకసారి చూస్తుంది. సేటు లేస్తాడు. చెప్పులేసుకుంటూ, పోయే మనిషి మాటవరసకు అన్నట్టు, "మీ పిలగాడు మగ్గం బేరం పెట్టిండు గద, నీకు తెల్వదా?" అంటాడు. ఆ తర్వాత రాతప్రతిలో రెండే మాటలున్నాయి: మగ్గం ఆగుతుంది.

గంట నాటికలో ఈ రెండు మాటలు మూడుసార్లే వస్తాయి. మొదటిసారి కోపం. రెండోసారి భయం. మూడోసారి ఏమిటన్నది రచయిత చెప్పలేదు, నటుడికి వదిలేశాడు. నేను ముప్పై యేండ్లుగా రాస్తున్నా. తండ్రి మనసులో మాట చెప్పాలంటే నాకు ఇంకో పాత్రను తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టాల్సి వచ్చేది. ఈ అన్న దాన్ని చప్పుడుతో సాధించాడు. చదువుతున్నంతసేపు ఆ చప్పుడు లయ నా మోకాలు మీద వేళ్లకు అందుతూనే ఉంది.

భాష గురించి కూడా చెప్పాలె. ఒకప్పటి నాటకాల్లో మన యాస నౌకరు పాత్రకో, నవ్వించే పాత్రకో దక్కేది. ఇంటి పెద్ద మాత్రం పుస్తకాల భాషలో మాట్లాడేవాడు. ఈ నాటికలో పెద్దరికం ఉన్న మనిషి, బాధ ఉన్న మనిషి, మోసం చేసే మనిషి అందరూ వరంగల్ మాటే మాట్లాడతారు. కొడుకు మాటకూ తండ్రి మాటకూ నడుమ తేడా ఉంది. తండ్రి 'జర ఆగు' అన్నచోట కొడుకు 'వెయిట్ చెయ్' అంటాడు. ఆ ఇంట్లో జరుగుతున్న మార్పంతా అందులోనే వినపడుతుంది.

ఇంత బాగున్న నాటికకు ఆఖరి పేజీ తగలేదు. మగ్గం మీదనే తండ్రి గుండె ఆగి పడిపోతాడు, తెర. పోటీల్లో చప్పట్లు తెచ్చే ముగింపు అది. దానికి ఒక పేజీ ముందే తండ్రి కత్తెర తీసుకుని, సగం నేసిన షత్రంజీ పడుగు పోగులను ఒక్కొక్కటే కోసి, ముడులేసి, మడిచి కోడలి చేతికిస్తాడు. అక్కడ ఆపన్నా అని అడిగాను. ఆలోచిస్తనన్నాడు. చావు తీసేస్తే ఈ నాటిక ఇంకా బలంగ నిలబడుతుందని నా నమ్మకం.

రంగస్థలం కష్టం ఇంకొకటుంది. గుంటమగ్గంలో నేసేవాడు నేల మట్టానికి కూర్చుని కాళ్లు గుంటలో పెట్టి తొక్కాలె. వేదిక మీద గుంట తవ్వలేం. చుట్టూ రెండడుగుల ఎత్తు బల్లలు కట్టి, నడుమ మగ్గం దించాలె. దానికి తోడు నటుడు నిజంగ నేయడం నేర్చుకోవాలె. ఉత్తిగ చేతులాడిస్తే మొదటి వరసలో కూర్చున్న కొత్తవాడ మనిషి ఒక్క నిమిషంలో పట్టేస్తాడు. నా లెక్కలో అది మూడు నెలల సాధన.

చెరువు నాటకం రాసింది మా అక్క, బడిలో సైన్సు చెప్తుంది. గంటన్నర. ఎనిమిది మంది, తెర లేదు, సెట్టు లేదు. ఒగ్గు కథ నడక పట్టుకుని రాసింది. ఒగ్గు కథ తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ప్రధాన కథకుడు కథ చెప్తూ చెప్తూనే పాత్రలోకి దూకుతాడు, వెనక డోలు, తాళాలు. పక్కవాడు నడుమ నడుమ అడ్డం తగిలి ప్రశ్న వేస్తాడు, ఆ ప్రశ్నతోనే కథ ఇంకో మలుపు తిరుగుతుంది. భుజం మీది గుడ్డ తలకు చుడితే రాజు, ఒంటి మీద కొంగు చేస్తే రాణి. 2017లో కన్నుమూసిన మాణిక్యాపురం చుక్క సత్తయ్య, అంతకు ముందే పోయిన మిద్దె రాములు ఈ కళను పట్నాల వేదికల దాకా నడిపించినోళ్లు.

కొత్త నాటకానికి ఒగ్గును అరువు తెచ్చుకుంటే నాకు ఎప్పుడూ ఒక అనుమానం ఉంటది. అది మల్లన్న, బీరప్పల కొలుపుతో ముడిపడ్డ విద్య. కురుమల, గొల్లల చేతుల్లో బతికిన విద్య. డోలు కొట్టి రెండు దరువులేస్తే నాటకానికి తెలంగాణతనం అంటుకుంటుందనుకునేవాళ్లు చాలామంది. అక్క ఆ పని చేయలేదు. దేవుడి ముందు ముగ్గులతో పట్నం వేయడం, కొలుపు పాటలు, వీటిని ముట్టుకోలేదు. కథ చెప్పే తీరును మాత్రమే తీసుకుంది. ఐనవోలు దిక్కు ఒగ్గు పూజారి దగ్గర రెండు నెలలు కూర్చుని డోలు వరసలు విని, ఏ దరువు దేవుడిదో, ఏది మనం వాడుకోవచ్చో అడిగి రాసుకుంది. నటులకు నేర్పడానికి ఆయన్నే పిలుద్దామంటుంది.

ఈ నాటకంలో నాకు అన్నిటికంటే నచ్చింది కట్టిన తీరు. మన కాకతీయుల నేల మీద చెరువులు గొలుసుకట్టు. పై చెరువు నిండితే మత్తడి (అలుగు) దుంకి కింది చెరువులోకి పోతాయి నీళ్లు. నాటకం కూడా అట్లనే ఉంది. ఐదు చెరువులు, ఐదు రంగాలు. ప్రతి రంగం చివర డోలు మత్తడి దుంకినట్టు మోగి, కథ కింది చెరువుకు పోతుంది. మొదటి చెరువులో, పొలాలకు నీళ్లు వదిలే నీరటి తూము తెరుస్తాడు. రెండోదాంట్లో కట్టమైసమ్మకు బోనం. మూడో చెరువు దగ్గర డోలు మోగదు. శిఖం భూమిలో, అంటే చెరువు నీళ్లు నిలిచే నేలలో, ప్లాట్లు పడ్డాయి. చెరువు వేషంలో ఉన్న నటుడు గొంగడి కప్పుకుని పడుకుని, "నా కడుపుల హద్దురాళ్లు పాతిర్రు బిడ్డా" అంటాడు. ఇక నాలుగో చెరువుకు నీళ్లు రావు. ఐదో రంగంలో ఆ నీళ్లు కాలనీ ఇండ్లలోకి వస్తాయి. 2020 ఆగస్టులోనూ 2023 జులైలోనూ ఈ నగరంలో ఉన్నవాళ్లెవరికీ ఆ రంగం అర్థం చెప్పక్కర్లేదు. బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని మెట్ల మీద కూర్చున్న ముసలామె నాటకంలో ఒక్క మాట మాట్లాడదు. నాకు ఆమెనే గుర్తుంది.

ఒకే గొంగడితో అక్క ఎంత పని చేయించిందో చెప్పాలె. నెత్తి మీదికి కొప్పెర పెడితే నీరటి. నేల మీద పరిస్తే చెరువు. నలుగురు నాలుగు మూలలు పట్టి ఊపితే అల. అదే గొంగడిని మడిచి చంకలో పెట్టుకుంటే కాగితాల కట్టతో వచ్చిన ప్లాట్ల దళారి. చూసేవాళ్ల కండ్ల ముందే చెరువు మడతపడి వాడి చంకలోకి పోతుంది.

లోపం ఆఖరి పావుగంటలో ఉంది. కథకుడు నేరుగ జనంతో మాట్లాడే రూపం కాబట్టి రచయితకు ఉపన్యాసం ఇచ్చే వీలు దొరుకుతుంది, అక్క ఆ వీలును వాడేసుకుంది. చెరువుల చట్టాలు, లెక్కలు అన్నీ కథకుడి నోట వస్తాయి. ఆ పావుగంటలో ఒక్క పాత్ర కూడా ఏమీ చేయదు. మగ్గం అన్న ఆగడం తెలిసినవాడు. అక్క పరుగెత్తించడం తెలిసిన మనిషి, ఆగే చోట ఇంకా తడబడుతుంది.

సెట్టు లేకపోతే అది నాటకమేనా అని మా బృందంలో ఒకరు అడిగారు. తెర, దీపాలు, మూడువైపుల గోడ ఉన్న నాటకం మనకు వచ్చి నూటయాభై యేండ్లు కూడా కాలేదు. కందుకూరి రాజమండ్రిలో తన నాటకం ఆడించింది 1880లో. అంతకు ఎన్నో వందల యేండ్ల ముందే మన ఓరుగల్లు మీద 'క్రీడాభిరామం' అనే వీథినాటకం ఉంది. ఇద్దరు మిత్రులు ఈ పట్నం వీధుల వెంట తిరుగుతూ కనపడింది చెప్పుకుంటూ పోతారు, వాళ్ల మాటల్లోంచే వీధులు, ఆటలు, జనం లేచి నిలబడతాయి. అక్క నాటకం ఆ దారిలోది. మగ్గం నాటకం గడప లోపలి బతుకును దగ్గరి నుంచి చూపే దారిలోది. రెండూ మనవే.

రాతగా చూస్తే మగ్గం నాటకమే మేలు. అందులో ఒక్క మాట ఎక్కువ లేదు, ఆఖరి పేజీ తప్ప. పోటీలకు పోయే బృందం, నలుగురు గట్టి నటులు, సాధనకు తీరిక ఉన్నవాళ్లు ఎవరైనా నన్నడిగితే కండ్లు మూసుకుని అదే ఎత్తుకోమంటాను. అయితే చిన్న హాలులో ఆడాలె. 2024లో తెరిచిన కాళోజీ కళాక్షేత్రం మన ఊరికి దక్కిన గొప్ప వేదిక. కానీ అంత పెద్ద హాలులో నాడె చప్పుడు వెనక వరసకు అందదు, మైకు పెడితే అది మగ్గం చప్పుడు కాకుండా పోతుంది. నూటయాభై మంది కూర్చునే గది చాలు.

మేం మాత్రం ముందు చెరువు నాటకం ఎత్తుకుంటున్నాం. మాకు ఎక్కువమంది కొత్త పిల్లలున్నారు. ఎనిమిది మందికీ అందులో పనుంది, ఒక్కరి భుజాల మీద బరువు పడదు. ఇంకో కారణం కాలం. ఏప్రిల్, మే నెలల్లో ఊర్ల చెరువులు ఎండుతాయి. ఆ ఎండిన చెరువు నడుమ నిలబడి, కట్ట మీద జనాన్ని కూర్చోబెట్టి ఆడొచ్చు. వానలు పడితే ఆ వేదిక మళ్లీ యేడు దాకా దొరకదు. మగ్గం నాటకానికి తొందర లేదు. కాళోజీ పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం సెప్టెంబరు 9. ఆనాటికి దాన్ని సిద్ధం చేద్దామని అన్నతో మాటైంది. తండ్రి వేషం కట్టే పిల్లవాడు ఇప్పటినుంచే ఆదివారాలు కొత్తవాడలో ఒక ఇంట్లో నేత నేర్చుకుంటున్నాడు.

అక్క ఆఖరి పావుగంటను ఐదు నిమిషాలకు తెచ్చింది. చట్టాలన్నీ తీసేసి, ముసలామె బియ్యం డబ్బా కింద పెట్టే చోట ముగించింది. ఇక గొంగడి దొరకాలె. కొట్లలో దొరికే మిల్లు కంబళి తెచ్చి చూశాం. తేలికగ ఉంది, ఊపితే గాలికి లేస్తుంది కానీ అలలాగ పడదు. నల్ల గొర్రె ఉన్నితో చేత్తో నేసిన పాత గొంగడే కావాలె. జనగామ దిక్కు ఒక కురుమ తాత దగ్గర ఉందని తెలిసింది, ఈ వారమే పోతున్నాం.