కిటికీ వెలుతురా, సాఫ్ట్‌బాక్సా? ఇంటర్వ్యూకి ఏది మేలు

ఇంటర్వ్యూలు తీయడం మొదలుపెట్టినవాళ్లు అటు తిప్పీ ఇటు తిప్పీ అడిగే ప్రశ్న ఇదే. సాఫ్ట్‌బాక్సు అంటే లైటుకు తొడిగే, ముందు తెల్లగుడ్డ ఉన్న పెద్ద డబ్బా. గదిలో మంచి కిటికీ ఉండగా లైటు కొనడం దండగ కదా అని కొందరు. లైటు కొన్నాను గానీ కిటికీ దగ్గర తీసినంత బాగా రావట్లేదేంటి అని ఇంకొందరు. రెండోవాళ్లకు చెప్పాల్సిన జవాబులోనే మొదటివాళ్లకు కావలసింది సగం ఉంది కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

కిటికీ వెలుతురులో మాయేమీ లేదు. అది పెద్దది, మనిషికి దగ్గరగా ఉంటుంది, అంతే. కూర్చున్న మనిషి వైపు నుంచి చూస్తే లైటు ఎంత పెద్దగా కనిపిస్తుందో, ముఖం మీద నీడల అంచులు అంత మెత్తగా వస్తాయి. అదే మనిషిని గది అవతలి గోడ దగ్గర కూర్చోబెట్టండి, అదే కిటికీ అతనికి చిన్నదైపోతుంది, ముక్కు నీడ గీత గీసినట్టు పడుతుంది. సాఫ్ట్‌బాక్సుదీ ఇదే లెక్క. 90 సెంటీమీటర్ల బాక్సు కొనుక్కుని, ఫ్రేములో పడుతుందేమోనన్న భయంతో మూడు మీటర్ల దూరంలో నిలబెట్టేవాళ్లు చాలామంది. అంత దూరంలో దాని మెత్తదనం చాలావరకు పోతుంది. ఫ్రేము అంచుకు కాస్త బయట, మనిషికి మీటరు, మీటరున్నర దూరానికి తెచ్చి, లైటు పవరు తగ్గించి చూడండి. లైటు కొన్నా బాగా రావట్లేదు అనే ఫిర్యాదు సగం అక్కడే తీరుతుంది.

కాబట్టి అందం విషయంలో రెండూ సమానమే అనుకుందాం. నా దృష్టిలో తేల్చేది అందం కాదు, ఎడిటింగు.

ఇంటర్వ్యూను తీసిన వరుసలో ఎవరూ చూపించరు. మొదటి ఐదు నిమిషాల్లో బిగుసుకుపోయి చెప్పిన మాట, గంట తర్వాత అదే మనిషి నవ్వుతూ ఇంకా బాగా చెబుతాడు. ఆ రెండో ముక్క తెచ్చి ముందు అతికిస్తాం. ఒక వాక్యం మొదటి సగం ఒక చోటి నుంచీ, రెండో సగం ఇంకో చోటి నుంచీ తీసుకునే సందర్భాలూ ఉంటాయి. కిటికీ ముందు తీసిన గంటలో ఎండ కదులుతుంది, మబ్బు అడ్డం వస్తుంది, పోతుంది. ఎదురుగా ఉన్నప్పుడు మన కంటికి ఆ తేడా తెలీదు, కన్ను సర్దుకుంటుంది. టైమ్‌లైన్ మీద రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టగానే మాత్రం చెంప ఒకచోట తెల్లగా, ఇంకోచోట పసుపుగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కలర్ గ్రేడింగులో సర్దొచ్చు అంటారు. వెలుగు ఎక్కువ తక్కువలను సర్దొచ్చు, రంగునూ కొంతవరకు సర్దొచ్చు. నీడ పడిన దిశ మారితే ఏం సర్దుతారు? కెమెరాను ఆటో ఎక్స్‌పోజరులో, అంటే వెలుగును తనే సర్దుకునేలా, వదిలేస్తే ఇంకా ఘోరం. మబ్బు వచ్చినప్పుడల్లా ముఖాన్ని సరిచేయబోయి వెనకున్న గోడను వెలిగిస్తుంది.

కిటికీకి తెర వేసి, సాఫ్ట్‌బాక్సు వెనకున్న ఎల్‌ఈడీని 5600 కెల్విన్ (పగటి వెలుతురు రంగు) దగ్గర పెట్టి, కెమెరా వైట్ బ్యాలెన్సును (ఏది తెలుపో కెమెరాకు చెప్పే సెట్టింగు) కూడా అక్కడే లాక్ చేస్తే, పొద్దున చెప్పిన మాటా సాయంత్రం చెప్పిన మాటా ఒకే చెంప మీద వస్తాయి. నేను సాఫ్ట్‌బాక్సు వైపే మొగ్గడానికి అసలు కారణం ఇది. మిగతావన్నీ దీని తర్వాతే.

వాటిలో ఒకటి మాత్రం చెప్పుకోదగ్గది, లైటు ఏ పక్కన ఉండాలనేది. అతిథి లెన్సులోకి కాకుండా, కెమెరా పక్కన కూర్చున్న మీ వైపు చూస్తూ మాట్లాడతారు. కీ లైటు (ముఖాన్ని వెలిగించే ప్రధాన లైటు) కూడా కెమెరాకు మీరున్న పక్కనే, మీకు ఇంకాస్త అవతల, కంటికి కొంచెం పైనుంచి రావాలి. అప్పుడు ముఖంలో కెమెరా వైపున్న భాగం నీడలోకి జారి, ముఖానికి లోతు వస్తుంది. లైటు కెమెరాకు మీరు లేని పక్కన ఉంటే ముఖం వెడల్పుగా, చదునుగా పడుతుంది. స్టాండు మీదున్న లైటైతే ఎటు కావాలంటే అటు జరుపుతాం. కిటికీని జరపలేం కాబట్టి కుర్చీ, కెమెరా, మీరు అందరూ దాని చుట్టూ తిరగాలి. చివరకు వెనక బ్యాక్‌గ్రౌండుగా ఏది కనిపించాలో కిటికీయే నిర్ణయిస్తుంది. ఒక్కోసారి అది బీరువా తలుపు అవుతుంది.

కళ్లజోడు విషయంలోనూ ఇంతే. లైటును పైకెత్తితే, పక్కకు జరిపితే అద్దాల్లో మెరుపు పోతుంది. అప్పటికీ పోకపోతే జోడు కాడలను చెవుల మీద కొంచెం ఎత్తి పెట్టుకోమంటే అద్దాలు కిందికి వంగి సరిపోతుంది. అయితే కిటికీకి న్యాయంగా ఒక మార్కు వేయాలి. అద్దంలో కిటికీ కనిపించినా చూసేవాడు పట్టించుకోడు, గదిలో కిటికీ ఉందనుకుంటాడు. సాఫ్ట్‌బాక్సు తెల్లటి చతురస్రంలా కనిపిస్తే షూటింగు గుర్తొస్తుంది.

కిటికీకి ఇంకో మార్కు కూడా ఉంది, చప్పుడుండదు. ఎల్‌ఈడీల్లో చాలావాటికి ఫ్యాన్ ఉంటుంది, నిశ్శబ్దమైన గదిలో కాలర్ మైకు దాన్ని పట్టేస్తుంది. పైగా ఎదురుగా స్టాండూ, దాని మీద పెద్ద డబ్బా చూడగానే మాట తడబడేవాళ్లు ఉంటారు. కెమెరా అలవాటు లేని పెద్దవాళ్లతో, పది నిమిషాలకు మించని ముచ్చటైతే నేనూ కిటికీకే ఓటేస్తాను. నేరుగా ఎండ పడని కిటికీ అయితే ఇంకా మంచిది. గదిలో ట్యూబులైట్లు మాత్రం ఆర్పేయండి, రెండు రంగుల వెలుగు ఒకే ముఖం మీద కలిస్తే విడదీయడం కష్టం.

లైటు కొనేటప్పుడు సీఆర్‌ఐ (ఆ లైటు కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 95 అని చూసి ఆగిపోకండి. ఆ అంకె ఎనిమిది లేత రంగుల సగటు, చిక్కటి ఎరుపు అందులో లేదు. చర్మం పాలిపోకుండా కనిపించాలంటే ఎరుపు బాగా పలకాలి కాబట్టి చిక్కటి ఎరుపుకు విడిగా ఇచ్చే ఆర్9 విలువ కూడా చూడండి. ఫ్లికర్ (కంటికి తెలీకుండా లైటు మిణుకుమనడం) ఉందేమో కూడా పరీక్షించాలి. కరెంటు 50 హెర్ట్‌జ్ ఉన్నచోట కెమెరా షట్టరు వేగం సెకనులో 1/50 లేదా 1/100 వంతు, 60 హెర్ట్‌జ్ ఉన్నచోట 1/60 లేదా 1/120 పెడితే మామూలు దీపాలతో గొడవ ఉండదు. చవక ఎల్‌ఈడీలను బాగా డిమ్ చేస్తే మాత్రం అప్పటికీ స్క్రీను మీద పట్టీలు పాకొచ్చు.

మాట్లాడుతూ ముందుకు వంగే అలవాటున్న అతిథైతే బాక్సును మరీ దగ్గరికి లాగకండి. మీటరు దూరంలో ఉన్న 90 సెంటీమీటర్ల బాక్సు వైపు 30 సెంటీమీటర్లు వంగితే ముఖం మీద వెలుగు ఒక స్టాపుకు (అంటే రెట్టింపుకు) కాస్త తక్కువగా పెరుగుతుంది. మీటరున్నర దూరంలో ఆ తేడా తగ్గుతుంది.

ఇక మిగిలినవి. త్రీ పాయింట్ లైటింగు అంటే కీ, ఫిల్ (నీడ వైపును కాస్త వెలిగించేది), బ్యాక్ (వెనక నుంచి పడేది) కలిపి మూడు లైట్లు. పాఠంగా నేర్చుకోండి, మూడూ కొనక్కర్లేదు. ఫిల్ బదులు తెల్ల థర్మకోల్ షీటు చాలు. నీడ ఇంకా చిక్కగా కావాలంటే అదే చోట నల్లగుడ్డ. బ్యాక్ లైటు జుట్టును బ్యాక్‌గ్రౌండు నుంచి విడదీస్తుంది గానీ, బట్టతల ఉన్నవాళ్లకు పెట్టేముందు ఒకసారి ఆలోచించండి. తెల్ల గోడకు లైటు కొట్టి బౌన్స్ చేయడం మెత్తగానే ఉంటుంది, కాకపోతే గది మొత్తం వెలిగిపోయి నీడ మన చేతిలో ఉండదు. రింగ్ లైటు లెన్సులోకి చూసి మాట్లాడేవాళ్ల కోసం. పక్కకు చూసే ఇంటర్వ్యూకి అది ముఖాన్ని చదును చేస్తుంది, కళ్లజోడు ఉంటే అద్దానికో చక్రం బోనస్.