సొంతంగా కట్టుకున్న 5.1 యాంప్లిఫైయర్: ఏళ్ల తరబడి వాడాక

నేను కట్టుకున్న 5.1 యాంప్ (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) కొన్నేళ్లుగా రోజూ మోగుతోంది. సినిమాలకైనా పాటలకైనా అదే. లోపల ఆరు టీడీఏ7294 బోర్డులు ఉన్నాయి, టీడీఏ7294 అంటే సౌండ్‌ను పెంచే ఐసీ (చిప్). ఐదు స్పీకర్లకు కలిపి ఒక 24-0-24 ట్రాన్స్‌ఫార్మర్ (మధ్య తీగ అంటే సెంటర్ ట్యాప్ నుంచి అటూ ఇటూ 24 వోల్టులు ఇచ్చేది), సబ్‌వూఫర్‌కు విడిగా ఇంకొకటి. అది చూసినవాళ్లు ముందు అడిగేది ఏ ఐసీ వాడావనే. ఇన్నాళ్ల వాడకం తర్వాత నాకు ఐసీ మీద పెద్ద పట్టింపు లేదు. గ్రౌండ్ వైర్లు, అంటే సున్నా వోల్టుల వైర్లు, ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తున్నాయన్నదే ముఖ్యం.

స్టీరియోలో వైరింగ్ కాస్త అటూ ఇటూ అయినా గడిచిపోతుంది. ఆరు ఛానెళ్లకు వచ్చేసరికి గడవదు. ఎందుకంటే ప్రతి బోర్డుకూ గ్రౌండ్ రెండు దారుల్లో వస్తుంది. ఒకటి సప్లై వైరు, రెండోది వాల్యూమ్ బోర్డు నుంచి వచ్చే షీల్డ్ వైరు జాలీ. ఈ రెండూ కలిసి ఒక చుట్టు అవుతాయి. బోర్డులు ఆరైతే చుట్లు కూడా ఆరు, వాటి మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్! హమ్ (స్పీకర్‌లో ఆగకుండా వచ్చే గుయ్‌మనే మోత) రాకపోతేనే ఆశ్చర్యం.

50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట ఈ హమ్‌ను చెవితోనే విడదీయొచ్చు. మెత్తగా, లోతుగా 50 హెర్ట్జ్‌లో వినిపిస్తే ఇలాంటి చుట్టో, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరగా పోయే ఇన్‌పుట్ వైరో కారణం. జుర్రుమంటూ గరగరలాడితే అది 100 హెర్ట్జ్, దాని పైమెట్లు (200, 300 హెర్ట్జ్ లాంటివి). బ్రిడ్జి డయోడ్ నుంచి కెపాసిటర్లలోకి విడతలు విడతలుగా దూకే చార్జింగ్ కరెంటు, సిగ్నల్ గ్రౌండ్ ఉన్న వైరులోంచే పోతోందన్నమాట. ట్రాన్స్‌ఫార్మర్ సెంటర్ ట్యాప్‌ను రెండు కెపాసిటర్లు కలిసే చోటికి నేరుగా తెచ్చి, అక్కడి నుంచి పొట్టి మందపాటి వైరుతో ఇంకో బిందువుకు వెళ్లి, ఆరు బోర్డుల గ్రౌండ్లు, స్పీకర్ల మైనస్‌లు అన్నీ అక్కడే కలపాలి. దీన్నే స్టార్ గ్రౌండ్ అంటారు. చాలా మంది స్టార్‌ను సరిగ్గా కెపాసిటర్ల మధ్యే పెట్టేస్తారు. అక్కడ పెడితే గరగర పూర్తిగా పోదు.

ఆ ఆరు చుట్లకు మాత్రం స్టార్ ఒక్కటే సరిపోదు. ప్రతి బోర్డులో సిగ్నల్ గ్రౌండ్‌కూ పవర్ గ్రౌండ్‌కూ మధ్య 10 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటే చుట్టులో తిరిగే కరెంటు చాలావరకు తగ్గుతుంది. కొన్ని బోర్డుల్లో ఇది ముందే ఉంటుంది. లేకపోతే బోర్డు మీద ఆ రెండింటినీ కలిపే రాగి గీతను (ట్రాక్) కోసి పెట్టుకోవాలి. పైసా ఖర్చు లేని పనిలాంటిది, నా యాంప్‌లో దానంత తేడా చూపించిన భాగం మరొకటి లేదు. ఇప్పుడు ట్వీటర్‌కు చెవి ఆనిస్తే సన్నని హిస్ తప్ప ఏమీ వినపడదు.

భద్రత విషయంలో రెండు మాటలు. టీడీఏ7294 వీపున ఉండే లోహం మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది. మైకా షీటు, ప్లాస్టిక్ బుష్ లేకుండా బిగిస్తే హీట్‌సింక్ మొత్తం మైనస్ 33 వోల్టుల్లో ఉంటుంది. అది క్యాబినెట్‌కు తగిలిందంటే ఫ్యూజో, ఐసీనో పోవాల్సిందే. మెయిన్స్ ఎర్త్ తప్పకుండా క్యాబినెట్‌కు కలపాలి, హమ్ వస్తోందని దాన్ని పీకేయడం ప్రాణాలతో చెలగాటం. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు సీరీస్ బల్బు (మెయిన్స్ కరెంటు ఫిలమెంట్ బల్బు గుండా యాంప్‌కు వెళ్లేలా) పెట్టుకోవడం నాకు అలవాటు. బల్బు ఒకసారి వెలిగి మసకబారితే సరే, వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టు.

వాల్యూమ్‌కు ఆరు వరుసల పాట్ (ఆరు ఛానెళ్లనూ ఒకేసారి మార్చే తిప్పుడు నాబ్) వాడినప్పుడు సౌండ్ తగ్గించేకొద్దీ ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువగా వినిపించేది. పైగా ఏడాది తిరిగేసరికి తిప్పినప్పుడల్లా కరకరలు. పీటీ2258 ఐసీ ఉన్న బోర్డుకు మారాక ఆ గొడవ పోయింది. అది ఆరు ఛానెళ్లనూ ఒక్కో డెసిబెల్ చొప్పున, 79 డెసిబెళ్ల వరకు తగ్గించగలదు. ఐసీల స్టాండ్‌బై, మ్యూట్ కాళ్లను (పిన్నులను) ఆరు బోర్డులకూ కలిపి ఒకే స్విచ్‌కు ఇచ్చాను కాబట్టి ఆన్ చేసేటప్పుడు ధబ్బుమనే మోత లేదు.

కంప్యూటర్ నుంచి వినేవాళ్లకు ఒక మాట. నారింజ రంగు జాక్‌లో సెంటర్, సబ్ రెండూ వస్తాయి. అవి తారుమారై, మాటలు సబ్‌వూఫర్‌లోంచి గొణుగుతున్నట్టు వినిపిస్తే యాంప్ విప్పకండి. ముందు సౌండ్ సెట్టింగుల్లో ఆ రెండూ మార్చి చూడండి.

ఇన్నేళ్లలో ఐసీ ఒక్కటీ పోలేదు. అరిగినవి కదిలే వస్తువులే: పాట్, ఫ్యాన్, వదులైన స్పీకర్ టెర్మినళ్లు. ఫ్యాన్ చప్పుడు రాత్రిపూట నిశ్శబ్ద సన్నివేశాల్లో ఇప్పటికీ చికాకే. పెద్ద హీట్‌సింక్ వేసుకోగలిగితే ఫ్యాన్ జోలికి పోకపోవడం మేలు.

నా స్పీకర్లన్నీ 8 ఓమ్‌లు, అందుకే 24-0-24 నప్పింది. మీవి 4 ఓమ్‌లైతే ఇదే ట్రాన్స్‌ఫార్మర్ కొనకండి. ఈ ఐసీ 8 ఓమ్‌లకు ప్లస్ మైనస్ 35 వోల్టుల దగ్గర ఇచ్చే 70 వాట్లనే 4 ఓమ్‌లకు 27 వోల్టుల దగ్గర ఇస్తుంది. అంతకు మించిన వోల్టేజీ వేడి కిందే పోతుంది. 18-0-18 చాలు.