ఇన్విడియస్‌ను ఇంట్లో నడిపిన రెండున్నరేళ్లు

యూట్యూబ్ వీడియోలను యూట్యూబ్ పేజీకి వెళ్లకుండానే చూపించే ఇన్విడియస్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను 2023 మార్చి నుంచి మా ఇంట్లోని ఒక పాత ల్యాప్‌టాప్ మీద నడుపుతున్నాను. 2018లో మొదలైన ఈ ప్రాజెక్టును క్రిస్టల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశారు. ఇది తన సమాచారాన్ని పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో దాచుకుంటుంది. బయటి ప్రోగ్రాములు సమాచారం అడిగి తీసుకోవడానికి గూగుల్ ఇచ్చే అధికారిక మార్గమైన ఏపీఐ జోలికి పోకుండా, యూట్యూబ్ సొంత ప్లేయర్ వీడియోను ఏ దారిన తెచ్చుకుంటుందో ఆ దారినే ఇది కూడా తెచ్చుకుంటుంది. దీని సుఖాలూ చిక్కులూ చాలావరకు ఈ ఒక్క సంగతిలోంచే పుడతాయి.

ప్రకటనల బెడద వదిలించుకోవడానికే దీన్ని పెట్టుకున్నాను గానీ, నాకు దక్కిన అసలు లాభం వేరు. సెట్టింగుల్లో మొదటి పేజీగా సబ్‌స్క్రిప్షన్లను ఎంచుకుని, పక్కన వచ్చే సంబంధిత వీడియోలనూ కామెంట్లనూ ఆపేస్తే, నేను కోరుకున్న చానెళ్ల కొత్త వీడియోలు వచ్చిన వరుసలో కనిపిస్తాయి, అంతకుమించి ఏమీ కనిపించదు. యూట్యూబ్‌లోని పాత సబ్‌స్క్రిప్షన్ల జాబితాను ఫైలుగా దించుకుని ఇందులోకి ఎక్కించుకోవచ్చు కాబట్టి మళ్లీ వెతుక్కునే పని కూడా లేదు. ఆడియో మాత్రమే వినిపించే ఏర్పాటు మా అమ్మకు బాగా నచ్చింది; వంటింట్లో అన్నమయ్య కీర్తనలు పెట్టుకుని ఫోను గట్టు మీద పడేస్తుంది. అయితే మొదటి వారంలో ఆవిడ, "ఏంట్రా ఇది, మనం అడిగితే తప్ప ఏమీ చూపించదు?" అని విసుక్కుంది. నాకు అది మెచ్చుకోలులాగే వినిపించింది.

గోప్యత కోసమే సొంతంగా నడుపుకోవాలనుకునేవారు మాత్రం ఒక విషయం ముందే తెలుసుకోవాలి. పదిమందీ వాడే పబ్లిక్ సర్వర్‌లోనైతే, వీడియోలు ఆ సర్వర్ గుండా వచ్చేలా పెట్టుకున్నప్పుడు ఇంటర్నెట్‌లో మన కనెక్షన్‌ను గుర్తుపట్టే ఐపీ అడ్రసు యూట్యూబ్‌కు బయటపడదు, మన చూపులు గుంపులో కలిసిపోతాయి. ఇంట్లో నడిపే సర్వర్‌కూ మన ఫోనుకూ బయటికి కనిపించే అడ్రసు ఒక్కటే కనుక, వీడియోలను సర్వర్ గుండా తెప్పించే అదే ప్రాక్సీ సౌకర్యం ఇక్కడ అడ్రసును దాచలేదు. గూగుల్ ఖాతా, కుకీలు మధ్యలో లేకపోవడం నిజమైన మేలే. ఇంట్లో ఎవరు ఏది చూశారో విడదీయడం కష్టమవుతుంది. కానీ ఇంటి మొత్తం చూపు అదే అడ్రసు నుంచి వెళ్తుందన్నది మారదు.

ఈ లోపాన్ని సరిచేద్దామని ఒక నెలపాటు దీన్ని ఒక అద్దె సర్వర్ మీదికి మార్చాను. అద్దె సర్వర్లుండే డేటా సెంటర్ల అడ్రసుల నుంచి వచ్చే అభ్యర్థనలను మనుషులవి కాక బాట్లు అనే ఆటోమేటిక్ ప్రోగ్రాములవిగా యూట్యూబ్ అనుమానించడం మామూలే కాబట్టి, వారం తిరక్కుండానే సగం వీడియోలు ఆడటం మానేశాయి. తిరిగి ఇంటికే తెచ్చుకుని, బయట ఉన్నప్పుడు వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (ఇంటి నెట్‌వర్క్‌కు భద్రమైన దారి) ద్వారా చేరుకుంటున్నాను.

నిర్వహణ చిన్న పనేమీ కాదు. 2023 జూన్‌లో యూట్యూబ్ ఈ ప్రాజెక్టును ఆపేయమంటూ లేఖ పంపినప్పుడు, తాము ఏపీఐనే వాడటం లేదు గనుక దాని నిబంధనలు తమకు వర్తించవని డెవలపర్లు జవాబిచ్చి కొనసాగించారు. నాకు కష్టం అనిపించింది ఆ లేఖ వల్ల కాదు, 2024 నుంచి వరసగా వచ్చిన సాంకేతిక మార్పుల వల్ల. వీడియోలను తెచ్చే పనిని ఇప్పుడు కంపానియన్ అనే వేరే ప్రోగ్రాం చేస్తోంది, దాన్నీ పక్కనే నడపాలి. దాని రహస్య కీలో సరిగ్గా 16 అక్షరాలే ఉండాలన్న వాక్యాన్ని చదవకుండా 20 అక్షరాలు పెట్టి ఒక రాత్రంతా తల పట్టుకున్నాను, తప్పు నాదే. ఇన్విడియస్‌ను రోజుకు ఒక్కసారైనా రీస్టార్ట్ చేయమని దాని డాక్యుమెంటేషనే చెబుతుంది కనుక తెల్లవారుజామున నాలుగు గంటలకు ఆ పని దానంతటదే జరిగేలా పెట్టాను.

బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్ కోడ్ లేకుండానే ఇన్విడియస్ పనిచేస్తుందన్న పేరు ఇప్పటికీ నిజమే గానీ, ధ్వనీ దృశ్యమూ ఒకే ఫైలులో వచ్చేది ఇప్పుడు తక్కువ స్పష్టత ఉన్న 360పీ మాత్రమే. అంతకంటే స్పష్టంగా కావాలంటే ఆ రెండూ విడివిడిగా వచ్చే డ్యాష్ పద్ధతి తప్పదు, దానికి జావాస్క్రిప్ట్ తప్పదు. పెద్ద టీవీ మీద చూసేవారికి ఈ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

నలుగురున్న మా ఇంట్లో, నెలకు ఒక ఆదివారం దీనికి కేటాయించడం నాకు గిట్టుబాటుగానే ఉంది. మొన్న మా బావగారు తనకూ ఇలాంటిదే పెట్టమన్నారు. ఆయన ఒక్కరే, చూసేది ఒక్క కంప్యూటర్‌లోనే. అందుకని యూట్యూబ్ వీడియోలు చూపించే, సర్వర్ అక్కర్లేని ఫ్రీట్యూబ్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంను అందులో పెట్టి, కాఫీ తాగి వచ్చేశాను.